విరిగిన వంతెన ముందా, నిలబడ్డ వంతెన ముందా

అమలాపురంలో మా కొట్టుకి బోర్డు ఉండేది గానీ ఎవరూ చదివేవారు కాదు. ‘ఫారిన్ సామాన్ల కొట్టు’ అంటే చాలు, రిక్షా తిన్నగా మా గుమ్మం ముందు ఆగేది. కువైట్ నుంచో మస్కట్ నుంచో సెలవు మీద వచ్చినవాళ్ళు చుట్టాలకి పంచగా మిగిలినవి సంచిలో వేసుకుని పది రోజుల్లో మా దగ్గరికి వచ్చేవారు. సెంటు సీసాలు, బొచ్చు దుప్పట్లు, ఇస్త్రీ పెట్టెలు, చేతి గడియారాలు, పిల్లల బొమ్మలు. నాన్న వాటిని కొనే తీరు చూడాల్సిందే. తనకి కావలసిన వస్తువు వైపు కన్నెత్తి చూసేవారు కాదు. పనికిరాని టార్చిలైటొకటి తీసి, తిప్పి తిప్పి చూసి, ‘‘ఇదొక్కటే బాగుందండి, మిగతావి పట్టుకెళ్ళిపోండి’’ అనేవారు. వచ్చినాయన మొహం వాడిపోయేది. అక్కణ్ణుంచి బేరం మొదలు.

ఆ కొట్టులోనే పెరిగాను నేను. బామ్మ చేత కథ చెప్పించుకోడానికి కూడా బేరమాడేదాన్ని. రెండు కథలు చెప్తే ఒకసారి కాళ్ళు నొక్కుతాననేదాన్ని. ఆవిడ మొదట ఒక్క కథే అనేది, గీచిగీచి రెండుకి తెచ్చేదాన్ని, గెలిచానని సంబరపడేదాన్ని. ఆవిడ అవే రెండు కథల్లో రాజుల్ని మార్చి చెప్తూ ఏడాది పొడుగునా కాళ్ళు నొక్కించుకుందని చాలా కాలానికి గాని నాకు వెలగలేదు.

కొన్న ప్రతి వస్తువు అడుగునా నాన్న గోరంత తెల్ల చీటీ అంటించేవారు. దాని మీద రెండో మూడో తెలుగు అక్షరాలు. పాత కొట్లవాళ్ళకి ఈ పద్ధతి తెలుసు. ఇంట్లో పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుంటారు, ఏ అక్షరమూ రెండోసారి రాని మాట. అంకెకొక అక్షరం. చీటీ మీద ఉన్నది కొన్న ధర. గిరాకీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసినా ఏమీ తెలియదు. మనకి మాత్రం ఎక్కడిదాకా దిగొచ్చో, ఎక్కడ ‘‘గిట్టదండి’’ అనాలో తెలుస్తుంది. నా ఎనిమిదో ఏట నాన్న ఆ మాట నా చెవిలో చెప్పి, పైకి అననని దేవుడి పటం మీద చెయ్యి వేయించారు. అమ్మకి, నాన్నకి, నాకు. ముగ్గురికే. ఇప్పుడు ఆ కొట్టూ లేదు, నాన్నా లేరు, ఆ మాటతో ఎవరికీ పని లేదు. అయినా ఇక్కడ రాయను.

మా బావకి ఆ మాట చెప్పలేదు.

బావ మా మేనత్త కొడుకు. వాళ్ళది సఖినేటిపల్లి, రేవు పక్కనే ఇల్లు. మావయ్య పోయాక అత్తయ్య బావని మా ఇంట్లో పెట్టి, కువైట్‌లో ఒకళ్ళింట్లో పనికి వెళ్ళింది. బావ నాకంటే రెండేళ్ళు పెద్ద. పొద్దున్న కాలేజీ, మధ్యాహ్నం నుంచి కొట్టు. నాన్న ‘‘అల్లుడూ’’ అని నోరారా పిలిచేవారు. గిరాకీలతో ‘‘మా ఇంటి కుర్రాడేనండి’’ అనేవారు. వచ్చిన మొదటి రోజే బావ చీటీల సంగతి అడిగాడట. ‘‘అవా? సరుకు వరసగా సర్దుకోడానికి గుర్తులురా’’ అన్నారట నాన్న. అలమారలో వరసకీ ఆ గుర్తులకీ పొంతన ఎందుకు లేదని బావకి తోచకపోలేదు. మావయ్య గారి లెక్క తనకి అందదని సరిపెట్టుకున్నాడు. గిరాకీ ధర అడిగితే, ‘‘ఉండండి, మావయ్య గారిని అడుగుతాను’’ అనేవాడు. మూడేళ్ళూ అదే మాట.

రెండు వేల సంవత్సరం వేసవిలో రాజోలు ఆయనెవరో సెలవు మీద వస్తూ అత్తయ్య పంపిన అట్టపెట్టె తెచ్చి ఇచ్చారు. అందులో బూడిద రంగు వీడియో గేము, దానికి రెండు రిమోట్‌లు, ఒక సీడీ. అత్తయ్య పనిచేసే ఇంటి పిల్లలకి మొహం మొత్తితే ఆ ఇల్లాలు ఇచ్చేసిందట. సీడీ పెడితే గోదావరంత నది, దాని మీద రాతి వంతెన, కత్తి పట్టుకున్న రాకుమారుడు, కొమ్ముల గుర్రం. మాటలన్నీ ఏదో దేశపు బొమ్మల్లాంటి అక్షరాలు. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోవడమే బావకి అమృతమైంది.

తర్వాత రెండేళ్ళలో అదే వరస ఆటలు ఇంకో నాలుగు మా కొట్టులోకి వచ్చాయి. ఒకటి దోహా నుంచి, రెండు మస్కట్ నుంచి, ఒకటి ఎక్కణ్ణుంచో. గల్ఫ్ పిల్లలకి విసుగెత్తిన వరసలో, మావాళ్ళకి సెలవు దొరికిన వరసలో వచ్చాయి తప్ప, కథ వరసలో రాలేదు. నాన్న వాటిని దుప్పట్లతో పాటు టోకున కొని, చీటీలు అంటించి, అద్దాల అలమారలో పెట్టారు. కొనే నాథుడు లేడు. బావ ఒక్కొక్కటే తీసుకెళ్ళి ఆడి, తుడిచి మళ్ళీ అలమారలో పెట్టేవాడు. అత్తయ్య పంపిన మొదటి సీడీని కూడా వాటి పక్కనే ఉంచాడు. నాన్న ఊరుకుంటారా, దానికీ ఒక ధర కట్టి చీటీ అంటించేశారు.

ఐదు ఆటలకీ బావే పేర్లు పెట్టాడు. గుర్రం ఆట, వంతెన ఆట, ఒంటికన్ను ఆట, పడవ ఆట, మంచు ఆట. ఐదింట్లోనూ అదే నది, అదే కొండ. కానీ ఏది ముందు జరిగింది, ఏది తర్వాత? అదే ప్రశ్న. మాకు అలాంటి ప్రశ్నలు కొత్త కాదు. కోనసీమలో పెళ్ళి గాని, పురుడు గాని, అప్పు గాని, తొంభై ఆరు తుఫానుకి ముందా తర్వాతా అని అడిగి గాని సంగతిలోకి దిగరు.

బావ ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాడు. రేవులో పుట్టినవాడు కదా, వాడి కన్ను నీటి మీద పడింది. వంతెన ఆటలో రాళ్ళు తెల్లగా ఉన్నాయి, స్తంభాల మీద నీటి చార లేదు. గుర్రం ఆటలో జానెడు నాచు పట్టింది, రాకుమారుడు నూనూగు మీసాల వాడు. ఒంటికన్ను ఆటలో నాచు నిలువెత్తు పెరిగింది, రాజుకి గడ్డం వచ్చింది, ఒక కన్ను పోయింది. గుర్రం ఆటలోని రాకుమారుడి ఎడం చేతికి ఉన్న మచ్చే ఈ రాజుకీ ఉంది. పడవ ఆటలో వంతెన నడుం విరిగి ఉంది, జనం పడవల మీద దాటుతున్నారు. మంచు ఆటలో నది గడ్డకట్టి, మొండి స్తంభాలు రెండే రెండు మిగిలాయి. బావ వాటిని ఆ వరసలోనే ఒక పేజీలో రాసుకున్నాడు. ఒక్కో స్తంభం బొమ్మ గీసి, నీటి చార ఎంత ఎత్తుందో పక్కన వేశాడు. పూర్తిగా తేలేదాకా కుర్రాళ్ళకి చెప్పనన్నాడు గానీ, ఆ పేజీ నేను చూశాను. ఈ మాట గుర్తుంచుకోవాలి. నేను చూశాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా పెరటి వసారాలో పాత టీవీ పెట్టుకుని బావ ఆడుతుంటే వీధి కుర్రాళ్ళు పదిమంది చుట్టూ చేరేవారు. కొట్టులో ‘‘అది దింపు, ఇది తుడు’’ అనిపించుకునే మనిషి, అక్కడ కర్ర పెత్తనం చేసే మాస్టారు. ‘‘గురువుగారండీ, ఆ పడవవాడు చచ్చిపోతాడాండీ?’’ అని అడిగితే, ‘‘తొందరేంటి? ముందు వాడు పుట్టాడో లేదో తేల్చనీండి’’ అనేవాడు. వాళ్ళు ఘొల్లుమనేవారు. వాడికి ఆ ఊళ్ళో ఉన్నదల్లా ఆ పెద్దరికం ఒక్కటే. మిగతాదంతా మాది. తినే కంచంతో సహా మాదే.

నాకు కావలసింది రిమోట్. ఎన్నిసార్లు అడిగినా ఇచ్చేవాడు కాదు.

‘‘కథ చెప్తాను, వినవే. ఆడటం నీ వల్ల కాదు.’’

‘‘ఎందుకు కాదు?’’

‘‘నువ్వు ఆ పడవవాడితో కూడా బేరమాడతావు. వాడు మధ్య నదిలో దింపేస్తాడు.’’

కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వుని జాగ్రత్తగా మడిచి లోపల పెట్టుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం కొట్టులో గిరాకీ లేదు. బావ ఐదు సీడీలూ బల్ల మీద పరిచి, వెనకాల చీటీలు చూస్తున్నాడు.

‘‘ఏమే, వీటి మీద గుర్తులు కూడా సర్దుకునే వరసేనా?’’

నాకు ముందు భయం వేసింది. ప్రమాణం గుర్తొచ్చింది. తెలియదంటే చాలు, అక్కడితో పోయేది. కానీ బేరం నా రక్తంలో ఉంది. ఎదుటివాడు అడిగితే ఏదో ఒకటి అంటగట్టకుండా పంపలేను.

‘‘మరి? నాన్న ఊరికే రాస్తారా? తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ఏది ముందు, ఏది తర్వాత అని అడిగి మరీ రాసుకున్నారు. అక్షరాల వరస చూసుకో.’’

బావ మొహం చూడాలి అప్పుడు. పదిరోజులు పస్తున్నవాడికి విస్తరి వేసినట్టయింది. వెంటనే అచ్చుల దగ్గర నుంచి హల్లుల దాకా లెక్కపెట్టి సీడీలు వరసగా పేర్చాడు. మంచు ఆట మొదట. దాని వెనక ఒంటికన్ను ఆట, పడవ ఆట, వంతెన ఆట, ఆఖర్న గుర్రం ఆట.

‘‘నా వరసకి ఎదురొస్తోందే.’’

‘‘నీ వరస నువ్వు బొమ్మలు చూసి రాసేవు. ఇది అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు చెప్పిన వరస.’’

‘‘నీటి చార అబద్ధం చెప్పదు కదా?’’

‘‘అయితే నాన్న అబద్ధం చెప్తారా?’’

వాడి కంటికి నాన్న రాతకంటే పెద్ద సాక్ష్యం లేదు. ఆ ఇంటి అన్నం తినేవాడు ఆ చేతిరాతని ఎలా కాదంటాడు? నోటుబుక్కు తీసి, స్తంభాల బొమ్మలున్న పేజీని అంచు దాకా మడిచి, చింపేశాడు. ఆ కాగితం బల్ల మీద ఉంటే నేనే తీసుకుని, తర్వాత వచ్చిన ఐనవిల్లి ఆవిడకి సెంటు సీసా చుట్టి ఇచ్చాను. మంచి దళసరి కాగితం. పారెయ్యడం నాకు చేతకాదు.

ఇక అక్కణ్ణుంచి బావ పడ్డ పాట్లు చూసి ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. నేను నవ్వాను. మా నాన్న దుప్పట్ల బేరంలో గీచిగీచి తగ్గించిన ధరల మీద ఒక రాజ్యం చరిత్ర నిలబెట్టాలి కదా. మంచులో మొండి స్తంభాలు విరిగినవి కావన్నాడు, అప్పుడే కట్టడం మొదలెట్టినవన్నాడు. రాజు ముందు ముసలివాడు, శాపం తీరి కన్ను తిరిగొచ్చాక పడుచువాడయ్యాడన్నాడు. నాచు పెరగదు, ఆ నదిలో నాచు తరుగుతుందన్నాడు. రెండు వరదలు కల్పించాడు. వాటి మధ్య నూరేళ్ళ చలికాలం పెట్టాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇలాంటి కథ వాళ్ళు ఎక్కడా వినలేదు. ఆ నోటుబుక్కు నిండిపోతే నా చేతే ఇంకోటి తెప్పించుకున్నాడు. ఏడాది గడిచేసరికి పక్క వీధుల నుంచి కూడా వచ్చి అడిగేవారు, ‘‘గురువుగారున్నారాండీ?’’ అని. నాన్నకి నవ్వులాట. ‘‘ఏరా అల్లుడూ, ఎక్కడ దాకా వచ్చింది మీ రాజుగారి వనవాసం?’’ అనేవారు. బావ మురిసిపోయేవాడు.

రాత్రింబవళ్ళు పక్కనే ఉన్నదాన్ని, ఎప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ప్రమాణం అడ్డమని నాకు నేను చెప్పుకునేదాన్ని. అసలు సంగతి అది కాదు. వాడు తప్పుదారిలో ఎంత దూరం వెళ్తే నా చేతిలో సరుకు అంత బలుస్తోంది.

మరుసటి వేసవికి, కాకినాడలో ఇంజినీరింగ్ చదివే మా పక్కింటి కుర్రాడు సెలవులకి వచ్చాడు. ఒక ఆదివారం వసారాలో నిలబడి బావ చెప్పేదంతా విని, పెదవి విరిచాడు.

‘‘ఇదంతా ఎందుకండీ బాబూ. ఆ ఆట చేసిన కంపెనీవాళ్ళే మొన్న వరస రాసి పెట్టేరు ఇంటర్నెట్లో. మా హాస్టల్లో చూసేను. సరిగ్గా గుర్తు లేదు గానీ, మంచు మాత్రం మొదట లేదండి.’’

కుర్రాళ్ళు బావ వైపు తిరిగారు. బావ రిమోట్ కింద పెట్టి, ‘‘మా దగ్గర అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు చెప్పిన వరస ఉంది’’ అన్నాడు.

అదే అదను. నాన్న దగ్గర నేర్చుకున్న విద్య అంతా ఆ రోజు బయటికి తీశాను. వీడియో గేము వైపు కన్నెత్తి చూడలేదు.

‘‘పందెం వేసుకుందాం బావా. నీ వరస తప్పయితే నీ నోటుబుక్కులు నాకిచ్చెయ్యాలి.’’

‘‘నోటుబుక్కులా? అమ్మో. అది మాత్రం అడక్కు.’’

‘‘అంటే భయమన్నమాట.’’

‘‘భయమేంటి! ఇంకేదైనా అడుగు.’’

‘‘ఇంకేముంది నీ దగ్గర?’’ అంటూ వసారా అంతా వెతికినట్టు చూశాను. చొక్కా, చెప్పులు, కాలేజీ పుస్తకాలు. ఆఖర్న, పనికిరాని టార్చిలైటుని చూసినట్టు టీవీ కింద చూశాను. ‘‘పోనీ, ఆ గేము పెట్టు. ఏం చేస్తాం మరి.’’

‘‘పెట్టేను’’ అన్నాడు. వాళ్ళమ్మ మూడేళ్ళలో వాడికి పంపిన ఒకే ఒక్క వస్తువు అది.

‘‘నేను ఓడితే నా సైకిలిస్తాను.’’

‘‘సైకిలెందుకే నాకు? అందరి ముందూ గురువుగారండీ అని పిలు, చాలు.’’

అంత చవక బేరం నాకు జన్మలో తగల్లేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి గడియార స్తంభం దగ్గర మేడ మీదున్న ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళాం. బావ, నేను, కాకినాడ కుర్రాడు, వెనకాల ఓ డజను మంది. సెంటరాయన విసుక్కున్నారు. ‘‘ఇంతమందీ ఒక్క కంప్యూటర్ మీద పడితే కుర్చీ విరుగుద్దండి బాబూ.’’ బావ ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. నోటుబుక్కులు రెండూ చంకలో ఉన్నాయి. పేజీ పైనుంచి కిందికి అంగుళం అంగుళం దిగింది. మొత్తానికి వచ్చింది. ఇంగ్లీషు. కాన్వెంటు చదువు కాబట్టి నన్ను చదవమన్నారు.

మొదటిది చదివాను. బొమ్మ కూడా ఉంది పక్కన, తెల్లటి రాళ్ళ వంతెన. రెండోది, గుర్రం. మూడోది, గడ్డం రాజు, ఒంటికన్ను. నాలుగోది, పడవ. ఐదోది, మంచు.

మూడోది చదువుతుండగానే చింపేసిన పేజీ కళ్ళముందు కనిపించింది. స్తంభాల బొమ్మలు, నీటి చారలు, పక్కన అంగుళాలు. ఐదుకి ఐదూ అదే వరస. ఒక్కటీ తప్పు పోలేదు. అక్షరం ముక్క రాని భాషలో ఆట ఆడి, రాళ్ళ మీద నాచు చూసి, దేశం కాని దేశంలో ఎవరో రాసుకున్న కథని బావ మా పెరట్లో కూర్చుని మొత్తం పట్టేశాడు.

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ.

‘‘నాచు తరుగుతుందన్నారు కదండీ గురువుగారూ?’’

‘‘ముసలోడు పడుచోడవుతాడంటే నేను మా తాతకి కూడా చెప్పేనండి. ఆయన ఆశ పెట్టుకున్నాడు పాపం.’’

‘‘ఆ నూరేళ్ళ చలికాలంలో మీరు కూడా గడ్డకట్టేరేంటండి?’’

బావ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ‘‘మొదట నేను రాసింది ఇదే’’ అన్నాడు.

‘‘ఆయ్, అలాగేనండి’’ అన్నాడు కాకినాడ కుర్రాడు, మహా మర్యాదగా. ‘‘ఇప్పుడు తెర చూసి మేం కూడా రాసేం.’’

‘‘నిజం. వంతెన, గుర్రం, ఒంటికన్ను, పడవ, మంచు. ఒక పేజీలో రాసేను. చింపేసేను.’’

‘‘చింపేసేరా? ఎంత పని జరిగిందండి!’’

అప్పుడు బావ నా వైపు తిరిగాడు. ‘‘ఇది చూసింది. చెప్పవే.’’

పన్నెండు తలలు నా వైపు తిరిగాయి. సెంటరాయన కూడా చూశారు. నేను చెప్పాల్సింది ఒక్క మాట. చూశానండి, నిజమే. ఆ మాటతో బావ పెద్దరికం మళ్ళీ నిలబడేది. నిలబడటమేమిటి, రెండింతలయ్యేది. కానీ అప్పుడు, మరి ఎందుకు మార్చాడు, ఎవరు మార్పించారు అని అడుగుతారు. పందెం చెల్లదంటారు. ఈ లెక్కంతా నేను రెప్పపాటులో వేసేశాను. కొట్టులో పెరిగినందుకు ఆమాత్రం చురుకు ఉంటుంది.

‘‘నాకు గుర్తు లేదు బావా’’ అన్నాను.

వాడు ఇంటికొచ్చి, వైర్లు చుట్టి, గేము పాత తుండుగుడ్డతో తుడిచి, నా మంచం మీద పెట్టాడు. పందెం మాట తప్పలేదు. రిమోట్‌లు రెండూ పక్కపక్కనే సర్ది మరీ పెట్టాడు.

దాంతో అయిపోయిందనుకున్నాను. బావకి మాత్రం అవలేదు. సాయంత్రం కొట్టులో ఐదు సీడీలూ పట్టుకుని నాన్న ముందు నిలబడ్డాడు.

‘‘మావయ్య గారండీ, మీకు ఈ వరస చెప్పిందెవరండి? తప్పు చెప్పేరండి.’’

‘‘ఏ వరసరా?’’

‘‘ఈ చీటీల మీదదేనండి. ఆటల వరస. తెచ్చినవాళ్ళని అడిగి రాసేరంట కదా.’’

నాన్న చదువుతున్న పేపరు దించారు. వాణ్ణి చూడలేదు, నన్ను చూశారు. నేను అగరుబత్తి పెట్టెలు సర్దడం మొదలుపెట్టాను, అవి అంతకుముందే సర్ది ఉన్నా.

‘‘అది ఆటల వరస కాదులేరా. మా లెక్క. నీకెందుకు, లోపల పెట్టెయ్.’’

బావ వెంటనే లోపల పెట్టలేదు. ఐదు చీటీల్నీ మరోసారి చూశాడు. తల ఎత్తి అలమారలు చూశాడు. సెంటు సీసా ఒకటి తిప్పి చూశాడు, గడియారం ఒకటి తిప్పి చూశాడు. రాళ్ళ మీద నీటి చార చూసిన కళ్ళే అవి.

‘‘లెక్కంటే, కొన్న ధరాండీ?’’

నాన్న పేపరు మళ్ళీ ఎత్తారు.

‘‘ఈ గడియారం మీరు ఎంతకి తీసుకున్నారో నాకు తెలుసండి, ఆవేళ నేనిక్కడే ఉన్నాను. ఈ దుప్పటిదీ తెలుసు.’’ బల్ల మీద వేలితో రాసుకుంటున్నాడు. మొహం మళ్ళీ వెలుగుతోంది. ‘‘అయితే ఇది నాలుగు. ఇది సున్నా. ఇది ఏడు. తొమ్మిది అక్షరాలు వచ్చేసేయండి. ఒక్కటే మిగిలింది. ఉండండి, మాట కూడా చెప్పేస్తాను.’’

చెప్పేశాడు. నేను దేవుడి పటం మీద చెయ్యి వేసి దాచిన మాటని పట్టుమని పావుగంటలో చెప్పేసి, నవ్వుతూ నాన్న వైపు చూశాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. ఇక గిరాకీ అడిగితే ‘‘ఉండండి’’ అనక్కర్లేదనుకున్నాడు. పొద్దున్న అంతమందిలో పోయింది ఇక్కడ దొరికిందనుకున్నాడు.

‘‘గట్టివాడివేరా అల్లుడూ’’ అన్నారు నాన్న. పేపరు మడిచి గల్లా మీద పెట్టారు. ‘‘రేపు కొట్టు తెరవద్దు.’’

మర్నాడు తలుపులు మూసి ఉంచి, కొట్టులో ఉన్న ప్రతి వస్తువూ కిందికి దింపించారు. బావ చేతికి ఒక బ్లేడు, గిన్నెడు కొబ్బరి నూనె ఇచ్చారు. పాత చీటీలన్నీ నూనె రాసి నానబెట్టి గీకాలి. నన్ను లోపలి గదిలోకి పిలిచి, చెవిలో కొత్త మాట చెప్పారు. అదీ పది అక్షరాలే. అబద్ధం ఎందుకు చెప్పావని అడగలేదు, పందెం ఎందుకు వేశావనీ అడగలేదు. ‘‘వాడి ముందు రాసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో’’ అన్నారంతే.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేశాం ఆ పని. బావ గీకి, తుడిచి, వస్తువు నా ముందు పెట్టేవాడు. నాన్న పాత పుస్తకం చూసి అంకెలు నాకు మాత్రం వినపడేట్టు గొణిగేవారు. నేను కొత్త చీటీ రాసి అంటించేదాన్ని. మొదటి పది వస్తువులయ్యాక నాన్న, ‘‘అల్లుడూ, అమ్మాయి రాసేటప్పుడు నువ్వు కాస్త అటు తిరగరా నాయనా’’ అన్నారు. ఎంతో ముద్దుగానే అన్నారు.

‘‘ఆయ్’’ అని తిరిగాడు బావ.

అక్కణ్ణుంచి ఒక పద్ధతి పడింది. వస్తువు పెట్టడం, గోడ వైపు తిరగడం, నేను ‘ఊ’ అంటే మళ్ళీ ఇటు తిరగడం. మూడు వందల సార్లకి తక్కువ ఉండదు. వాడి వేళ్ళు కొబ్బరి నూనెతో ఉబ్బిపోయాయి. బ్లేడు రెండు చోట్ల తెగింది. అన్నానికి నాన్న ఇంట్లోకి వెళ్ళినప్పుడు మేమిద్దరమే ఉన్నాం.

‘‘ఒకటి అడుగుతాను’’ అన్నాడు బావ, గోడ వైపు తిరిగే. ‘‘ఆ పేజీ నువ్వు చూసేవు కదే. నాకు తెలుసు, చూసేవు. నిన్న అక్కడ ఆ ఒక్క మాట చెప్తే నీకేం పోయేది?’’

దానికి చెప్పదగ్గ జవాబులు చాలా ఉన్నాయి. భయపడ్డానని చెప్పొచ్చు, ప్రమాణం చేశానని చెప్పొచ్చు, చిన్నదాన్నని చెప్పొచ్చు. ఈ ఇరవై ఏళ్ళలో అవన్నీ ఎవరికి కావలసినట్టు వాళ్ళకి చెప్పాను కూడా. ఆ రోజు మాత్రం, నా చేతిలో తడి జిగురు చీటీ ఉంది, అది ఆరిపోతోంది, నోటికి ఏది ముందు వస్తే అదే అన్నాను.

‘‘గేము పోయేది బావా.’’

బావ నా బేరం ఎక్కడ గిట్టిందో చూసుకుంటున్నట్టు తల ఆడించాడు.

‘‘నిజమే’’ అన్నాడు. ‘‘రాసేసేవా? తిరగనా?’’